లైకెన్ గడిలో రాయాల్సిన మాట

వాన వెలిశాక తడిసిన బెరడు వాసన తగిలితే నేను ఇప్పటికీ ఆగి చెట్టు వైపు చూస్తాను. మొన్న మచిలీపట్నంలో ఒక వేపచెట్టు కింద నిలబడినప్పుడూ అంతే, సుభద్ర మేడమ్ గుర్తొచ్చారు. గుడివాడ డిగ్రీ కాలేజీలో మాకు బోటనీ చెప్పేవారు. వాన పడితే చాలు, బెరడుకి పొరల్లా అంటుకుని పెరిగే లైకెన్లు పచ్చబడ్డాయంటూ కంగారుగా మమ్మల్ని చెట్ల దగ్గరికి తీసుకెళ్ళేవారు.

రెండో సంవత్సరంలో ఒక లైకెన్‌నీ ఒక సీతాకోకచిలుకనీ పోలుస్తూ చార్టు వేయమన్నారు. సీతాకోకచిలుక సులువే. జంతువు, కీటకం, అంతరించే ముప్పు ఎంతుందో రాసే సంరక్షణ స్థితి గడిలో 'ప్రస్తుతం ముప్పు లేదు'. లైకెన్‌ని మొక్కల్లో వేశాను. దాని స్థితి ఏ జాబితాలోనూ దొరకలేదు. గడి ఖాళీగా వదిలితే మార్కులు పోతాయన్న భయంతో దానికీ 'ముప్పు లేదు' అని రాసేశాను.

మేడమ్ చార్టు చూసి నన్ను ల్యాబులో కూర్చోబెట్టారు.

"ఇది మొక్క కాదమ్మా. ఒక శిలీంధ్రం, నాచులాంటి ఒక శైవలం కలిసి బతుకుతున్నాయి. శాస్త్రీయ నామం మాత్రం శిలీంధ్రానిది. సరే, అది దిద్దుకోవచ్చు. ముప్పు లేదని నీకెవరు చెప్పారు?"

"ఎవరూ చెప్పలేదండీ."

"సీతాకోకచిలుకని గమనించినవాళ్ళున్నారు. దీన్నెవరూ పట్టించుకోలేదు. చూడకపోవడం, ముప్పు లేకపోవడం ఒకటేనా?" ఆవిడ పెన్ను నా చేతికిచ్చారు. నా మాట కొట్టేయించి, 'అంచనా వేయలేదు' అని రాయించారు.

కొన్నేళ్ళకి ఒక సర్వే కంపెనీలో చేరాను. దివిసీమలో మడ అడవి మీదుగా రోడ్డు వేయాలన్నారు. అక్కడ ఏ జీవులున్నాయో మేం రాసివ్వాలి. అడవిని చీల్చుతూ పారే నీటిపాయ అవతలికి వెళ్ళడానికి పడవ దొరకలేదు. "అవతల ఏముంటాయండీ? ఏమీ లేవని వేసేయండి, రేపు ఇచ్చేయాలి" అన్నారు మా మేనేజరు. అప్పటికి ఇంట్లో నా జీతమే ఆధారం. మేడమ్‌కి ఫోన్ చేసి, ఏం రాయమంటారని అడిగాను.

"నువ్వు అవతలికి వెళ్ళావా?"

"లేదు మేడమ్."

"మరి నన్నెందుకు అడుగుతున్నావు?" అన్నారు. మళ్ళీ ఆవిడే, "నీ ఉద్యోగం గురించి నాకూ భయంగానే ఉందమ్మా. అయినా ఉన్నదే రాయి" అన్నారు.

'పరిశీలించలేదు' అని రాశాను. అవతల కూడా చూసి రమ్మని అధికారులు రిపోర్టు వెనక్కి పంపారు. ఆ పనికి వేరేవాళ్ళని పంపారు. కంపెనీ నన్ను మళ్ళీ ఏ పనికీ పిలవలేదు. అక్కడ వాళ్ళకి ఏం కనిపించిందో నాకెవరూ చెప్పలేదు. కనుక్కునే ధైర్యం నాకూ లేకపోయింది. మేడమ్ పోయినేడు కాలం చేశారు.

ఇప్పుడు రొయ్యల చెరువుల నీళ్ళు పరీక్షించే ల్యాబులో పనిచేస్తున్నాను. రైతు ఎదురుగా కూర్చుని తొందరపెడుతున్నా, 'రోగం లేదు' అని రాయబోయే ముందు నా చెయ్యి ఆగిపోతుంది. నేను చూశానా? చూడలేదనిపిస్తే కాగితం పక్కనపెట్టి, చెప్పులేసుకుని చెరువు గట్టుకి బయల్దేరతాను.