డెబ్భై ఐదు గ్రాములు

మా స్కూల్లో జీవశాస్త్రం చెప్పే ఆవిడ రెండున్నర నెలల్లో ఐదు కేజీలు తగ్గింది. అదే రెండున్నర నెలల్లో నేను కేజీన్నర పెరిగాను. ఇద్దరం ఒకే రోజున, ఒకే మనిషి దగ్గర, ఒకే సలహా తీసుకున్నాం. ఒకరు తగ్గితే ఇంకొకరికి ఏడుపెందుకని మీరడగచ్చు. నాకైతే వచ్చింది. ఆవిడ జాకెట్లు కుట్టు బిగించుకున్న రోజున ఇంటికొచ్చి మా ఆయన మీద అరిచాను. పాపం ఆయన చేసిన తప్పల్లా కాఫీలో పంచదార సరిపోలేదనడం.

మాది బందరులో హైస్కూలు. నేను లెక్కలు చెప్తాను. మా తాతగారి దగ్గర్నుంచీ అందరం బడిపంతుళ్ళమే, మా గడప లోపలికి కోడిగుడ్డు కూడా రాలేదు. ఆవిడది దివిసీమలో సముద్రం ఒడ్డున ఊరు. అన్నదమ్ములు వేటకెళ్తారు. వారానికి రెండుసార్లు ఐసుపెట్టెలో చేపలు మొదటి బస్సుకే ఎక్కించి పంపుతారు. నా కంటే నాలుగేళ్ళు చిన్నది. నన్ను అక్కా అని పిలిచేది, నేను మేడం అనేదాన్ని. పదకొండేళ్ళుగా స్టాఫ్ రూములో ఒకే బల్ల మీద అన్నం తిన్నాం, కానీ ఆవిడ కిటికీ వైపు, నేను బీరువా వైపు. ఆ ఏర్పాటు ఎవరూ చెయ్యలేదు. ఆవిడ చేరిన మొదటి రోజున డబ్బా మూత తియ్యగానే నేనే కుర్చీ ఇటు జరుపుకున్నాను.

ఆ ఏడాది ఆగస్టులో ఇద్దరికీ రక్తపరీక్షలో షుగరు సరిహద్దులో ఉందని తేలింది. బరువు తగ్గితే మందులు లేకుండా గడుస్తుందని, లేకపోతే జీవితాంతం మాత్రలేనని డాక్టరుగారు చెప్పారు. నాకు భయం వేసింది. మా అమ్మకి షుగరుతోనే కాలి వేళ్ళు రెండు తీసేశారు. ఆ కట్టు మార్చింది నేనే. అయినా ఒక్కదాన్నే ఎక్కడికీ కదిలేదాన్ని కాదు. ఆవిడే గుడివాడలో ఎవరో డైటీషియన్ ఉందని కనుక్కుని, శనివారం మధ్యాహ్నం నన్ను బస్సెక్కించింది. దారి పొడుగునా నా సంచి తన ఒళ్ళోనే పెట్టుకుంది.

ఆ డైటీషియన్ మా పెద్ద తరగతి పిల్లలా ఉంది. తిండి తగ్గిస్తే కొవ్వుతోపాటు కండ కూడా కరుగుతుందట, అది కరక్కుండా ఉండాలంటే ప్రొటీన్ సరిగ్గా పడాలట, ఆకలి కూడా అప్పుడే అదుపులో ఉంటుందట. చేరాల్సిన బరువు చూసి కేజీకి గ్రాము పైచిలుకు లెక్కేసి, ఇద్దరికీ రోజుకి డెబ్భై ఐదు గ్రాములని రాసిచ్చింది. అన్నం సగం చెయ్యమంది. ఇంకా ఏవో చెప్పింది. నా చెవికెక్కింది డెబ్భై ఐదు ఒక్కటే. లెక్కల టీచరుకి ఒక అంకె దొరికితే చాలు.

తిరుగుబస్సులో ఆవిడ వేళ్ళ మీదే తేల్చేసింది. పొద్దున రెండు గుడ్లు, మధ్యాహ్నం రెండు చందువా చేప ముక్కలు, రాత్రి పులుసులో ఇంకో రెండు, మధ్యలో పెరుగు. అయిపోయింది. నాకు అక్కడే ఒళ్ళు మండింది. పప్పు, పెరుగు, పాలు ఎంత కూడినా నాది నలభై దాటలేదు. మా ఇంట్లో పప్పంటే గరిటె జారుగా ఉంటుంది, అందులో గ్రాములు వెతుక్కోవాలి.

అప్పుడు నాకు సున్నుండలు తట్టాయి. మినుముల్లో ఉన్నంత ప్రొటీన్ చేపలో కూడా లేదని పుస్తకంలో చూశాను. పుష్పవతి అయినప్పుడూ, పురుడు పోసినప్పుడూ మా అమ్మ నడుముకి బలమని పెట్టింది అవే. ఎండు మినప్పప్పుని తూచి, ఉండకి ఎంత పడుతుందో భాగించి, రోజుకి ఆరు ఉండలని తేల్చాను. పొద్దున రెండు, స్కూల్లో రెండు, సాయంత్రం రెండు. లెక్క ఒక్క గ్రాము తేడా రాలేదు. మినప్పప్పు పక్కనే పోసిన నెయ్యీ బెల్లమూ నేనడిగిన ప్రశ్నలో లేవు కాబట్టి జవాబులోకీ రాలేదు.

ప్రతి శనివారం ఆఖరి గంట కొట్టాక, పిల్లల ఆరోగ్య పరీక్షకని స్కూల్లో ఉంచిన యంత్రం మీద చెప్పులు విడిచి ఎక్కేవాళ్ళం. ముందు ఆవిడ, తర్వాత నేను. ఆవిడ అంకె దిగుతుంటే నాది ఎక్కేది. "నీరు పట్టుంటుంది లెండక్కా" అనేది. ఆ జాలి నాకు గుచ్చుకునేది. హెచ్.ఎం. గారు ప్రార్థనకి వెళ్తూ ఆగి, మీరు చిక్కాక కళగా ఉన్నారండీ అని ఆవిడతో అన్న రోజున నాకు నిద్ర పట్టలేదు. ఆవిడ తింటున్నప్పుడు ముళ్ళు తీసి మూత మీద పెడుతుంటే ఆ ముళ్ళు లెక్కపెట్టేదాన్ని. ఆవిడ కొంచెం పెరగాలని దేవుడికి దణ్ణం పెట్టుకున్నాను కూడా. సిగ్గుగానే ఉంది, కానీ పెట్టుకున్నాను.

దీపావళి వెళ్ళిన మర్నాడు హెచ్.ఎం. గారి గదికి వెళ్ళాను. కార్తీక మాసం వచ్చింది కదండీ, స్టాఫులో ఉపవాసాలుండేవాళ్ళున్నారు, నీచు వాసనకి ఇబ్బంది పడుతున్నారు అన్నాను. ఎవరి పేరూ చెప్పలేదు. చెప్పక్కర్లేదు, రోజూ చేప తెచ్చేది ఒక్కరే. మధ్యాహ్నానికి సర్క్యులర్ పుస్తకం తిరిగింది. స్టాఫ్ రూములో మాంసం, చేపలు, గుడ్లు తినరాదని రాసుంది. సీనియారిటీ ప్రకారం ముందు నేను సంతకం పెట్టాను. నా కిందనే ఆవిడ పెట్టింది.

పెట్టి, కుర్చీ తీసుకొచ్చి నా పక్కన వేసుకుంది.

"మాకు ఇంట్లో కార్తీకం నెలంతా నీచు ఉండదక్కా. నేనెలాగూ తేను. ఈ నెల నా డెబ్భై ఐదూ ఎలా సరిపెట్టుకోవాలో మిమ్మల్నే అడుగుదామనుకున్నాను. పుట్టినప్పట్నుంచీ మీరు అలాగే తింటున్నారు కదా."

పదకొండేళ్ళలో ఆ సంగతి నాకు తెలియలేదు. కార్తీకం వచ్చిన ప్రతిసారీ ఆవిడ డబ్బాలో ఏముందో నేను చూడలేదు, చూడకూడదన్నట్టుగా కూర్చునేదాన్ని. నా డబ్బా మూత తీశాను. ఆవిడ సున్నుండ ఒకటి తీసుకుని కొరికింది. ఇవి రోజుకెన్నని అడిగింది. ఆరు అన్నాను. పొరబోయేదాకా నవ్వింది. నేనూ నవ్వాను, ఇంకేం చెయ్యను.

ఆవిడే కాయితం మీద రాసిపెట్టింది. పప్పు గట్టిగా వండుకోవాలి, అన్నంలో కలుపుకోవడం కాదు, గిన్నెలో వేసుకుని తినాలి. మొలకెత్తిన పెసలు, ఉడికించిన సెనగలు, మీల్ మేకరు, మీగడ తీసిన గట్టిపెరుగు. అన్నం ఒక గరిటె. నెల రోజులు పక్కపక్కనే కూర్చుని తిన్నాం. ఆవిడ సెనగల్లో మామిడల్లం తురిమి తెచ్చేది, నేను పెసల్లో నిమ్మకాయ పిండి తెచ్చేదాన్ని. ఒకరి డబ్బాలో ఒకరం చెయ్యి పెట్టాం. స్కూలుకి వెళ్ళాలని ఉదయాన్నే తొందరగా ఉండేది. ఆ నెలలో ఆవిడ పావు కేజీ తగ్గితే నేను రెండున్నర తగ్గాను. యంత్రం దిగగానే ఆవిడ నా భుజం తట్టింది. అప్పుడు చెప్పేయాల్సింది. చెప్పలేదు. ఆ వారం నాది పైచెయ్యి, పాడు చేసుకోవాలనిపించలేదు.

కార్తీకం వెళ్ళిపోయింది. సోమవారం మధ్యాహ్నం నా పక్క కుర్చీ ఖాళీగా ఉంది. కిటికీ వైపూ లేదు. వెతుక్కుంటూ వెళ్తే లాబ్‌లో, అస్థిపంజరం బొమ్మ పక్కన బల్ల మీద డబ్బా పెట్టుకుని కూర్చుంది. ఇక్కడేంటి మేడం అన్నాను.

"సర్క్యులర్ ఉంది కదక్కా."

అది కార్తీకం వరకేగా అన్నాను.

"అలా రాయలేదు. పొద్దున హెచ్.ఎం. గారిని అడిగాను. కంప్లెయింట్ చేసినవాళ్ళే వచ్చి ఫర్వాలేదంటే తీసేస్తామన్నారు." ముక్కలోంచి ముల్లు జాగ్రత్తగా లాగి మూత మీద పెట్టింది. "ఎవరో కూడా చెప్పారు."

ఆవిడ గొంతు పెరగలేదు. నా మొహంలోకి కూడా చూడలేదు. నాకు క్షమించమనే మాట రావాలి. రాలేదు. నా కళ్ళు డబ్బాలోకి పోయాయి. రెండు పెద్ద ముక్కలు, ముప్పై గ్రాములు తేలిగ్గా ఉంటాయని మనసు కూడేసింది. అంత జరిగాక కూడా నా బుద్ధి అక్కడే ఉంది. నా డబ్బా పట్టుకుని ఒకడుగు లోపలికి వేశాను.

"ఇక్కడ నీచు వాసన వస్తుందక్కా, మీకు పడదు" అంది. అని తలుపు దగ్గరగా వేసింది.

అటునుంచటే హెచ్.ఎం. గారి గదికి వెళ్ళాను. నాకేం ఇబ్బంది లేదండీ, పొరపాటున అన్నాను, తీసేయండి అన్నాను. హెచ్.ఎం. గారు సరేనన్నారు. మర్నాడు ఇంకో సర్క్యులర్ తిరిగింది. ముందు నేను సంతకం పెట్టాను, నా కింద ఆవిడ పెట్టింది. ఆ మర్నాటి మధ్యాహ్నం ఇంకో ఇద్దరు గుడ్డు కూర తెచ్చుకున్నారు. ఆవిడ రాలేదు. ఆ మధ్యాహ్నమే కాదు, తర్వాత కూడా.

మొన్న రక్తపరీక్షలో నాకు షుగరు సరిహద్దు ఇవతలికి వచ్చింది. ఆ కాయితంలో ఆవిడ రాసిచ్చినవే ఇప్పటికీ తింటున్నాను. వరండాలో ఎదురైతే బావున్నారా మేడం అని పలకరిస్తుంది. శనివారం గంట కొట్టాక చెప్పులు విడిచి యంత్రం ఎక్కుతాను. పోయిన వారం డెబ్భై రెండున్నర. ఆవిడ బరువు ఎప్పుడు చూసుకుంటోందో, ఎంతుందో నాకు తెలీదు.