దుబాయి క్యాసెట్టులో పట్టని మాట

పోయిన శుక్రవారం మధ్యాహ్నం నా మనవరాలు కామారెడ్డి నుంచి ఫోన్ చేసింది. పెళ్ళయి నెల తిరగలేదు. ఎలా ఉన్నావమ్మా అని నేను అడిగేలోపే, మూత్రానికి పోతే మంటగా ఉందనీ, కొత్తగా పెళ్ళయిన వాళ్ళకు ఇట్లా అవుతుంటుందని డాక్టరమ్మ చెప్పిందనీ, మందులు తీసుకుని ఇంటికి పోతున్నామనీ, నడిరోడ్డు మీద నిలబడి కూరగాయల ధర చెప్పినంత సులువుగా చెప్పేసింది. వెనుక నుంచి దాని పెనిమిటి ముందు సీసాలో నీళ్ళు తాగమని పోరుతున్నాడు. పైలం బిడ్డా అని ఫోన్ పెట్టేసి, ఎల్లారెడ్డిలో మా ఇంటి అరుగు మీద చాలాసేపు అట్లాగే కూర్చుండిపోయాను. కూతురి కూతురి మీద ఎవరికైనా అసూయ పుడుతుందా? నాకు పుట్టింది. మీరూ నా ఈడు ఆడవాళ్ళు కనుక చెప్పుకుంటున్నాను, నవ్వితే నవ్వండి.

నేను బీర్కూర్ నుంచి ఈ ఇంటికి కోడలిగా వచ్చేనాటికి నాకు ఇరవై దాటాయి; ఆ రోజుల లెక్కకు ముదిరిన పిల్లనే. బీడీలు చుట్టడంలో చెయ్యి వేగమని విని మా అత్త ఏరికోరి చేసుకుంది. వంట, వరినాట్లు, తునికాకు కత్తిరించడం అన్నీ విడమరిచి నేర్పిన, నన్ను కన్న మా అవ్వ, మొగుడితో కాపురం గురించి మాత్రం ఆయన చెప్పినట్టు విను అన్న ఒక్క ముక్కతో సరిపెట్టింది. పాపం, ఆమెకు వాళ్ళ అవ్వ ఆ ముక్కయినా చెప్పిందో లేదో. మా ఆయనకు అప్పటికే దుబాయి వీసా వచ్చి ఉంది, నెల రోజుల్లో ప్రయాణం. మంచి మనిషి, మాట తక్కువ. బజారుకు వెళ్తే జిలేబీ పొట్లం తెచ్చి, నా చేతికివ్వడానికి సిగ్గుపడి, నాకు కనపడేచోట పెట్టి పోయేవారు. ఆ మొదటి వారం నేను సంతోషంగా ఉన్నాను. ఈ మాట చెప్పడానికి ఇప్పటికీ సిగ్గేస్తోంది, అయినా నిజం నిజమే.

ఆ తరువాత మొదలైంది మంట. ఇంట్లో మరుగుదొడ్డి లేదు. తెల్లవారకముందొకసారి, పొద్దుగూకినాక ఒకసారి ఊరి బయటికి పోవడమే, నడుమ ఎంత తొందరైనా ఓర్చుకోవలసిందే. పొద్దంతా ఒళ్ళో చాట పెట్టుకుని బీడీలు చుట్టే మా ఆడవాళ్ళందరికీ తెలిసిన ఉపాయం ఒకటుండేది, నీళ్ళు తాగకపోవడం. నేనూ అదే పట్టాను. నీళ్ళు మానేస్తే బయటికి పోయే పని తగ్గుతుంది, దానితో మంటా తగ్గుతుందనుకున్నాను. తంబాకు చేతులు తగిలి ఇట్లా అయిందేమోనని బట్టల సబ్బు పెట్టి కడుక్కున్నాను. తగ్గకపోగా భగ్గుమంది. అంతా చేజేతులా చేసుకున్నానని అప్పుడు చెప్పేవాళ్ళెవరు?

అత్తతో చెబితే పుట్టింటి నుంచే రోగం తెచ్చుకుందంటుందని భయం. ఆయనతో చెబితే నన్ను అనుమానిస్తారేమోనని ఒక భయం, ఆయన నుంచే నాకు వచ్చిందని నేను అంటున్నట్టు అనుకుంటారేమోనని ఇంకో భయం. ఇంటినిండా మనుషులు ఉండి కూడా అంత ఒంటరితనం ఉంటుందని నాకు అప్పుడే తెలిసింది. ఆయన దగ్గరికి వస్తే ఒళ్ళు బిగుసుకుపోయేది, గోడవైపు తిరిగి పడుకునేదాన్ని. ఒకనాడు ఆయన మెల్లగా, "పానం మంచిగ లేదా?" అని అడిగారు. "ఏం లేదు" అన్నాను. ఇంకోసారి అడుగుతారని ఎదురుచూశాను, అడగలేదు. మరునాటి నుంచి ఉక్కగా ఉందని చాప తీసుకుని అరుగు మీదికి మారారు. ఉక్కపోసే కాలం కాదది. ప్రయాణం నాడు బస్సు ఎక్కేముందు అత్త భుజం మీదుగా నా వైపు ఒక్కసారి చూసి తల దించుకుని ఎక్కేశారు.

ఆయన వెళ్ళిన వారానికి నాకు చలిజ్వరం పట్టుకుంది, నడుము విరిగిపోయే నొప్పి. వాడకట్టు ఆడవాళ్ళంతా వచ్చి మొగుడు దుబాయి పోయిన బెంగ అని తేల్చేశారు. పాపం ఎంత ప్రేమ అని మా అత్త మురిసింది కూడా. రోగం కంటే బెంగ మర్యాద గలది కదా, నేనూ ఊరుకున్నాను. నాలుగోనాటికి నేను కళ్ళు తేలేస్తే అప్పుడు అత్త దవాఖానకు తీసుకుపోయింది. అక్కడ మద్నూర్ దిక్కు నుంచి వచ్చిన నర్సమ్మ ఒకామె ఉండేది, తెలుగులో మరాఠీ కలిపి గలగలా మాట్లాడేది. నన్ను చూసి, అత్తను చీటీ రాయించుకు రమ్మని బయటికి పంపి, తలుపు దగ్గరికి వేసి, పెళ్ళయి ఎన్నాళ్ళయిందని అడిగింది. అంతే, ఏడ్చుకుంటూ అంతా చెప్పేశాను. ఆమె నా చెయ్యి పట్టుకుని, "ఇది పాపం గాదు, చెప్పుకోరాని రోగం గాదు. కొత్త కాపురంల చానమందికి అయితది. నీళ్లు బాగ తాగు, ఆపుకోకు, కలిసినంక మూత్రానికి పోయిరా. గోలీలు నడుమల ఇడవకు" అంది. మీ ఆయనకు కూడా చెప్పు, భయపడి ఉంటాడు అని కూడా అంది. ఆయన దుబాయి పోయిండని చెప్పాను.

గోలీలతో పది రోజుల్లో లేచి తిరిగాను. కానీ ఆయనకు ఎలా చెప్పను? ఉత్తరం రాసేది ఇంకొకరు, అక్కడ చదివి వినిపించేది మరొకరు. ఆ కాలంలో దుబాయి వాళ్ళకు మాటలు క్యాసెట్టులో పట్టి పంపేవాళ్ళం, మీకు గుర్తుండే ఉంటుంది. టేపురికార్డరు చుట్టూ ఇంటిల్లిపాదీ కూర్చుని బాకీల గురించీ, వాన గురించీ, బర్రె ఈనిన సంగతీ చెప్పాక, చివరకు అత్త మీట మీద వేలు పెట్టి నన్ను మాట్లాడమనేది. అక్కడ ఒకే గదిలో పదిమంది మన ఊళ్ళ మగవాళ్ళు కూర్చుని వింటారు. మంచిగున్న, పైలం అని చెప్పి లేచేదాన్ని. రెండేళ్ళూ అవే రెండు మాటలు.

తిరిగి వచ్చాక ఆయన నాతో అతిథిలా మసలుకున్నారు. చాప మళ్ళీ లోపలికి రావడానికి నెలలు పట్టింది. ఆ తరువాత పిల్లలు, చీట్లు, పెళ్ళిళ్ళు, బతుకు తన దారిన పడింది. దగ్గర చేరాక పాత సంగతి తవ్వడం ఎందుకని నేను నోరు విప్పలేదు. నా కూతురికి కూడా ఏమీ చెప్పకుండానే అత్తవారింటికి పంపాను. మా అవ్వను తప్పు పట్టే నోరు నాకు లేదు.

మూడేళ్ళ కిందట షుగరు ముదిరి, మూత్రంలో మంటగా ఉంటోందని ఆయనే నాతో అన్నారు. అంత ముసలితనంలో కూడా తల దించుకునే చెప్పారు. అప్పుడిక ఆగలేక, నలభై ఏళ్ళనాటి ముచ్చట మొత్తం చెప్పేశాను.

"నేను నీకు నచ్చలేదనుకున్న. అక్కడున్న రెండేండ్లు గదే అనుకున్న" అన్నారు.

మరి తిరిగొచ్చినంక అని అడిగాను.

"అప్పుడప్పుడు అనిపిస్తుండె" అన్నారు.

ఇప్పుడు మా వాడలో ఇంటింటికీ మరుగుదొడ్డి ఉంది. దుబాయిలో ఉన్న మనిషి ముఖం ఫోనులో చూస్తూ, తలుపేసుకుని ఏ మాటైనా చెప్పుకోవచ్చు. మా పిల్లలకు ఒంటి బాధ చెప్పుకోవడానికి సిగ్గు లేదు, ఉండకూడదు కూడా. ఆ రోజు తరువాత మా ఆయన నాకు ఒక్క ఏడాదే దక్కారు. ఆ ఏడాదంతా, మందులిస్తూ, అన్నం పెడుతూ, నువ్వు నాకు మొదటి వారం నుంచే నచ్చావని రోజూ చెప్పాను. సరే తియ్యి అని నవ్వేవారు. నమ్మారో, ముసలిదాని తృప్తి కోసం తల ఊపారో, నాకు తెలియదు.