ఏడవలేని కన్ను

శకునాలన్నా దెయ్యాలన్నా నాకు మొదటి నుంచీ చిరాకే. మచిలీపట్నంలో ఒక కంటి ఆసుపత్రిలో పదకొండేళ్ళుగా పనిచేస్తున్నాను. కంట్లో కాగితం ముక్క పెట్టి, ఐదు నిమిషాల్లో ఎంత తడిసిందో చూసి రాయడం నా రోజువారీ పని. కొలతకు అందనిదాన్ని నమ్మే అలవాటు లేదు. అందుకే ఇది రాయడానికి ఇన్నాళ్ళు మొహమాటపడ్డాను.

మా అత్తగారికి ఎప్పటి నుంచో ఎడమ పక్క తలనొప్పి. వచ్చినప్పుడల్లా ఆ చెంప కందగడ్డలా అయ్యేది, ఆ ఒక్క కంట్లోంచే నీళ్ళు కారేవి. మేముండే గిలకలదిండి రేవులో ఆవిడ చెంప ఎర్రబడితే అపశకునమని వేటకెళ్ళే బోట్లు ఆపుకున్నవాళ్ళు కూడా ఉన్నారట. నేను నవ్వేదాన్ని.

మూడేళ్ళ కిందట చెవి లోపల గడ్డ ఉందని ఆపరేషన్ చేశారు. గడ్డతో పాటు ముఖనరం కూడా పోయింది. నోరు వంకరపోయింది, రెప్ప సరిగ్గా మూతపడదు. తలనొప్పి మాత్రం పోలేదు. డాక్టరు గారు బొమ్మ గీసి చెప్పారు. నొప్పిని మెదడుకు చేరవేసే నరం వేరు, అది బాగానే ఉంది. ఆ నొప్పికి స్పందించి రక్తనాళాలను పొంగించేది, కంట్లో నీళ్ళు తెప్పించేది ముఖనరం. అది లేదు కాబట్టి నొప్పి వస్తుంది కానీ చెంప ఎర్రబడదు, కన్ను చెమర్చదు. అలాగే జరిగింది. ఎన్నిసార్లు కాగితం పెట్టినా పొడిగానే వచ్చేది. పూటపూటకీ చుక్కల మందు వేసేది నేనే.

మా ఆయన బోటు సరంగు, అంటే బోటు నడిపే మనిషి. అత్తగారి ఆపరేషన్ అయిన కొన్ని నెలలకు, ఒక రోజు ఉదయం వారం రోజుల చేపల వేటకు బయల్దేరుతున్నారు. బోటులోకి ఐసు ఎక్కించడం కూడా అయిపోయింది. నేను డ్యూటీకి వెళ్ళేముందు చుక్కలు వేద్దామని అత్తగారి దగ్గరికెళ్ళాను. ఆవిడ తల పట్టుకుని కూర్చుంది. ఎడమ చెంప ఎర్రగా ఉంది. ఎడమ కన్ను ధారగా కారుతోంది. సీసా మూత నేనింకా తీయలేదు.

అప్పటికే మా ఆయన వీధిలోకి దిగారు. వేటకు వెళ్ళే మనిషిని వెనక నుంచి పిలవకూడదని నాకు నేర్పింది ఆవిడే. పెళ్ళయిన కొత్తలో ఆయన ఫోను మర్చిపోతే పిలిచానని రెండు రోజులు నాతో మాట్లాడలేదు. అలాంటి మనిషి వాకిట్లోకి పరుగెత్తి, ఆ వంకర నోటితోనే అరిచింది.

"ఒరే శీనా! ఎనక్కి రారా!"

వీధంతా చూసింది. నాకు తల కొట్టేసినట్టయింది. "ఆవిడకి తలనొప్పి, నేను చూసుకుంటాను, మీరు వెళ్ళండి" అన్నాను. ఆ మాట తలచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు జలదరిస్తుంది.

"పిలిచేసింది కదా. ఇక కూర్చుని మంచినీళ్ళు తాగకుండా ఎట్టా ఎళ్తాను?" అంటూ విసుక్కుని, ఆయన అరుగు మీద కూర్చున్నారు. సగం గ్లాసు తాగారో లేదో, తల పగిలిపోతోందంటూ పక్కకు ఒరిగిపోయారు.

మెదడులో రక్తనాళం చిట్లింది. బెజవాడలో ఆపరేషన్ చేశారు. సముద్రం మీద ఉండుంటే ఒడ్డుకు చేరేదాకా ప్రాణం ఆగేది కాదన్నారు.

అత్తగారి కన్ను ఆ రోజు ఎలా కారిందని ఆవిడ డాక్టరు గారిని అడిగాను. తెగిన నరం పోగులు దారితప్పి పెరిగితే, అన్నం తినేటప్పుడు కన్ను కారడం ఉంటుందని చెప్పారు. వారం రోజులు ఆవిడను అన్నం ముందు కూర్చోబెట్టి పరీక్ష చేశాను. పొడి. తలనొప్పి వచ్చినప్పుడూ చూశాను. పొడే.

అత్తగారిని అడిగితే, "నాకేం తెలుసమ్మాయ్, ఎందుకు పిలిచానో నాకే తెలీదు" అంటుంది.

మా ఆయన ఏడాదికి కోలుకున్నారు. ఇప్పుడు పొద్దున వెళ్ళి సాయంత్రానికి వచ్చే దగ్గరి వేటకే వెళ్తున్నారు. నేనిప్పటికీ శకునాలు నమ్మను. కానీ రోజూ తెల్లారగానే ఆ కంట్లో కాగితం పెడతాను. అది పొడిగా వచ్చేదాకా ఆయన్ని గుమ్మం దాటనివ్వను.