కొండమీది సవతి

బలూచిస్తాన్‌లో ఖుజ్దార్ అవతల మా కొండల్లో ఎలుగుబంటిని మమ్ అంటాం, అదీ గొంతు తగ్గించి. తక్కిన చోట్ల ఎలుగులు నల్లగా ఉంటాయట. మాది ఎండిన నెత్తురు రంగు, రొమ్ము మీద మాత్రం నెలవంకలాంటి తెల్లమచ్చ. చలికాలమంతా పడుకుని ఉండదు. పొట్టితాటి కాయలూ, అడవి అంజూరాలూ, రాళ్ళకింద పురుగులూ ఏరుకు తింటూ గుహలు మారుస్తూ తిరుగుతుంది. అది మగవాణ్ణి ఎత్తుకుపోయి, పారిపోకుండా అరికాళ్ళు నాకి నాకి పలచన చేస్తుందని పెద్దవాళ్ళు చెప్పేవారు. అది విని నవ్వినవాళ్ళలో మాహ్‌గంజ్ ఒకతె, తన మొగుడికే ఆ గతి పట్టేదాకా.

మాహ్‌గంజ్ పొట్టితాటి ఆకులతో చాపలూ చెప్పులూ అల్లేది. వేళ్ళు గరుకు, మాట ఇంకా గరుకు. మొగుడు లష్కరాన్ మెతక మనిషి. ఆ యేడు అంజూరాలు పండే రోజుల్లో తప్పిపోయిన మేకను వెతుక్కుంటూ కొండెక్కి తిరిగి రాలేదు. ఊళ్ళో మగవాళ్ళు వెతికి వెతికి దిగొచ్చారు. ఇక పోయినట్టే, ఫాతిహా చదివించమన్నారు. ఆమె ఒప్పుకోలేదు. చంద్రుడు నిండి మళ్ళీ తరిగాక ఒక పొద్దున అతను మోచేతుల మీద పాక్కుంటూ వచ్చి దొడ్డిగోడ దగ్గర పడ్డాడు. ఒళ్ళంతా గీరుకుపోయి ఉంది. అరికాళ్ళు మాత్రం పురిటిబిడ్డవిలా లేత ఎరుపు.

లోయలో పడ్డాననీ, మోకాలు బెణికిందనీ చెప్పాడు. అంతకుమించి నోరు విప్పలేదు. మోకాలు నయమైంది గానీ పాదాలకు మళ్ళీ గట్టిచర్మం పట్టలేదు. ఆమె చెప్పుల్లో మేకబొచ్చు పరిచి ఇచ్చేది.

ఊరు ఊరుకుంటుందా. ఊట దగ్గర జర్‌ఖాతూన్ అనే పొరుగావిడ అడిగేసింది. "ఏమే, నీ సవతి కబుర్లేమిటి? నీళ్ళోసుకుందా?"

"నీ మొగుణ్ణయితే ఆ పూటే తెచ్చి గుమ్మంలో దించిపోయేది," అంది మాహ్‌గంజ్. అందరూ నవ్వారు.

ఇంటికొచ్చాక ఆమెకు నవ్వు రాలేదు. పొద్దువాలేసరికి లష్కరాన్ గుమ్మంలో కూచుని కొండగాలికి మొహం ఎత్తి వాసన పట్టేవాడు. నిద్రలో అతని గొంతులోంచి సన్నటి గుర్రు వచ్చేది. పాలు తాగే ఎలుగుకూనలు చేసే చప్పుడది. కొండమీద ఆకులు కోసేటప్పుడు ఒకటి రెండుసార్లు రాళ్ళ మాటునుంచి ఆమెకు వినపడింది.

మరుసటి ఏడు అంజూరాలు పండగానే, కొండంత ధైర్యం తెచ్చుకుని, దాని గుహ తగలబెడదామని అగ్గిపెట్టె కొంగున ముడేసుకుని బయల్దేరింది. బాట మీద గింజలు నిండిన ఎలుగు పెంట, ఆలివ్ మాను మీద గోళ్ళ చారలు. వాటి వెంటే పోతే గుహ దొరికింది. మిట్టమధ్యాహ్నం. ఒక్క పిట్ట కూతైనా లేదు.

లోపల తాటాకులు విరిచి పరిచిన పక్క ఉంది. అందులో రెండు గుంటలు. ఒకటి పెద్దది. రెండోది మనిషి పొడుగున ఉంది, నిరుడు లష్కరాన్ కప్పుకుపోయిన శాలువా దాన్లోనే నలిగిపోయి ఉంది. తల పెట్టుకునే చోట అంజూరాల కుప్ప. ఆమె ఒకటి తీసి నొక్కితే పాలు కారాయి. ఆ పొద్దున కోసినవి.

అగ్గిపుల్ల చేతిలో ఉండగానే పైనుంచి చిన్న రాయి దొర్లింది. తలెత్తితే బండ మీద మమ్ కూచుని ఉంది, ముసలమ్మలా చేతులు ఒళ్ళో వేసుకుని. ఎప్పటినుంచి చూస్తోందో. మీదికి రాలేదు, గుర్రుమనలేదు. ఆమె భుజం మీదుగా, దిగువ బాట కేసి చూస్తోంది. వెనక ఇంకెవరో వస్తున్నట్టు.

మాహ్‌గంజ్ వీపు తిప్పకుండా వెనక్కి వెనక్కి నడిచి దిగింది.

ఇంట్లో రొట్టె వడ్డిస్తూ అడిగింది. "అంజూరాలు తెచ్చిపెట్టేదా?"

అతను రొట్టె కింద పెట్టి అన్నాడు. "తెచ్చి పడేసేది. తినకపోతే చచ్చేవాణ్ణి."

"మరి నాతో ఎందుకు చెప్పలేదు?"

"చెబితే చంపేస్తారు."

దాన్నా, నిన్నా అని ఆమె అడగలేదు. ఆమె కొండ దిగి రావడం చూసినవాళ్ళు ఉన్నారు. ఊరిపెద్ద దిల్మురాద్ కాకా తుపాకీతో వచ్చి మమ్ గుహ ఎక్కడని అడిగాడు. తూర్పు కొండలో ఉందని చెప్పింది. ఉన్నది పడమట.

తర్వాత వరుసగా కరువేళ్ళు. పొట్టితాళ్ళు కాయడం మానాయి. ఒక మధ్యాహ్నం ఊట దగ్గర ఆడవాళ్ళు కేకలు పెట్టి పరిగెత్తారు. మమ్ దిగొచ్చింది, తోలు వేలాడుతూ. నీళ్ళు తాగి, సూటిగా మాహ్‌గంజ్ వాళ్ళ దొడ్డిగోడ దగ్గరికి వచ్చి నిలబడి గాలి పీల్చింది. లష్కరాన్ లోపల గోడవైపు తిరిగి పడుకుని ఉన్నాడు. మాహ్‌గంజ్ తలుపు మూసి, దానికి వీపు ఆన్చి కూచుంది. బయట ఊపిరి వినపడుతూనే ఉంది. కాసేపటికి అడుగుల చప్పుడు కొండవైపు దూరమైంది.

"వెళ్ళిందా?" అని లోపలినుంచి మెల్లగా అడిగాడు.

"వెళ్ళింది."

అతను మంచినీళ్ళు అడిగాడు. ఆమె ముంచి ఇచ్చింది. ఆ తర్వాత వాళ్ళిద్దరూ చాలా ఏళ్ళు బతికారు. మా కొండలో మళ్ళీ ఎవరికీ మమ్ కనపడలేదు.