నాట్ల ముందు ఆపరేషన్

నమ్మినవాళ్లే నట్టేట ముంచుతారని మా అమ్మ అంటుంటే నవ్వేదాన్ని. ఎంత చదివితే ఏం లాభం, మనిషిని చూసి పోల్చుకునే తెలివి ఉండొద్దూ!

పాలకీడు వైపు నాట్లు వేసే ఆడవాళ్ల గుంపుకు ఒక పెద్ద ఉంది. నాకంటే చిన్నదే అయినా "అక్కా" అనేదాన్ని. రైతులతో గుత్త మాట్లాడేది ఆమే, గుంపులో ఎవరుండాలో తేల్చేదీ ఆమే. అవసరం లేకుండా గర్భసంచులు తీసేయడం ఆపాలని నేను సూర్యాపేటలో ధర్నా చేసిన రోజు, గుంపునంతా ఆటోల్లో ఎక్కించుకొచ్చి నా పక్కన ఎండలో కూర్చుంది. ఆమె ఉంటే నాకు కొండంత ధైర్యం.

పోయిన వానాకాలం, నాట్లు మొదలయ్యే ముందు, ఒక పిల్లను మిర్యాలగూడలో నా దవాఖానకు తీసుకొచ్చింది. గుంపులో పిల్లే. పెళ్లయి ఒక కొడుకున్నాడు. నెలనెలా నొప్పితో మంచం పడుతోంది. పరీక్ష చేస్తే ఇన్‌ఫెక్షన్. మందులతో పోయేదే.

"సంచి తీసేయరు గద మేడమ్? నాకొక ఆడబిడ్డ గావాలె" అని ఆ పిల్ల నా చెయ్యి పట్టుకుంది.

"ఎవ్వరూ తియ్యరు. నేనున్న గద" అన్నాను.

"గోలీలు నేను మింగిపిస్త మేడమ్, మీరు పరేషాన్ గాకుండ్రి" అంది అక్క.

మళ్లీ చూపించుకోవడానికి పిల్ల రాలేదు. ఫోన్ చేస్తే భర్త ఎత్తి, కోదాడలో ఒక ప్రైవేటు దవాఖానలో ఉందన్నాడు. ఉన్న పని ఉన్నట్టే వదిలేసి పోయాను. అప్పటికే సంచి తీసేశారు. మంచం పక్కన అక్క బత్తాయి ఒలుస్తూ కూర్చుంది. నా ఒళ్లు మండిపోయింది.

బయటికి పిలిచి, "నీకు మనసెట్లొప్పింది అక్కా?" అని అరిచాను.

"నెలకు నాలుగొద్దులు పండుకునేదాన్ని గుంపుల ఎట్ల పెట్టుకోవాలె? తతిమ్మోళ్లు ఊకుంటరా? మీ గోలీలు పనిచేసేదాంక నాట్లు ఆగుతయా?" కళ్లు కూడా దించలేదు. "బాధ ఖతమైంది దానికి."

ధర్నాలో నాతోపాటు గొంతు చించుకుని అరిచిన మనిషేనా ఇది! ఏడుపొచ్చింది, ఆమె ముందు ఏడవబుద్ధి కాలేదు. లోపలికి వెళ్లాను.

పిల్ల నన్ను చూసి లేవబోయింది. భుజం పట్టి పడుకోబెట్టాను.

"నాతో ఒక్క మాట చెప్పకుండ ఎందుకు ఒప్పుకున్నవమ్మా?"

ఆ పిల్ల బిత్తరపోయి చూసింది.

"మీరే చేపిచ్చుకోమన్నరంట గద మేడమ్. అక్క మీ పేరు జెప్తేనే ఒప్పుకున్న."