ఉరుము దాకా చెప్పిన కథ

మా అమ్మమ్మ ఎర్లిన్ కోపం వస్తే అరవదు. ఓక్ గింజలు నూరుతుంది. మా అపాచీల ఊరు సిబెక్యూలో మా ఇంటి ముందు నుంచి పోయేవాళ్ళు ఆ రాతి చప్పుడు విని, ఈ రోజు ఎవరికి మూడిందో అనుకుంటూ పోతారు. మొన్న ఆగస్టులో ఆ చప్పుడు తొమ్మిది రోజులు ఆగలేదు. ఆ ఏడు మా పులుసులోకి పిండికి కరువు రాలేదు.

ఆమెకు ఎనభై ఒకటి. పసిపిల్లల్ని కట్టి వీపున మోసే ఊయలచెక్కలు చేస్తుంది. మా లోయలో సగంమంది ఆమె చెక్కల్లో నిద్రపోయి పెరిగినవాళ్ళే. దారి అడిగితే వేలు చూపదు, పెదవులు ముందుకు చాపుతుంది. పదో తరగతిలో నేను బడి మానేసినప్పుడు కూడా పెదవులతో గింజల బస్తా చూపించి ఊరుకుంది. అప్పటి నుంచి గింజల పొట్టు తీస్తూనే ఉన్నాను.

తొమ్మిది రోజుల రగడ మా అక్క కూతురు ట్రీనా వల్ల మొదలైంది. ఎనిమిదేళ్ళది. బడివాళ్ళిచ్చిన ట్యాబ్ తెచ్చి అరుగు మీద పెట్టి, "ముత్తమ్మమ్మా, మన భాష ఎంత బాగా చదువుతుందో విను" అంది. అందులోంచి ఒక యంత్రపు గొంతు మా అపాచీ భాషలో నక్క కథ మొదలుపెట్టింది. కథకు ముందు, చెప్పినవాడి పేరు కూడా పలికింది. ఆ పేరు మా అమ్మమ్మ తండ్రిది. పోయినవాళ్ళ పేరు మేం ఎత్తం, అందుకే నేనూ ఇక్కడ రాయను. నడివేసవి, పాములు తిరిగే కాలం. నక్క కథలు పాములు నిద్రపోయి, మంచు పడ్డాకే చెప్పాలని మా ఇంట్లో కుక్కకి కూడా తెలుసు.

అమ్మమ్మ నూరడం ఆపింది. ట్యాబ్‌ని తువ్వాలులో చుట్టి, లోపలికి తీసుకెళ్ళి, ఫ్రీజరు పెట్టెలో జింక తొడ పక్కన పెట్టి మూత వేసింది. తర్వాత వచ్చి మళ్ళీ రాయి పట్టుకుంది.

మూడోరోజు బడిలో భాష నేర్పే డెల్బర్ట్ వచ్చాడు. మావాడే. వాళ్ళమ్మ వాణ్ణి మోసింది కూడా అమ్మమ్మ చెక్కలోనే.

"అమ్మమ్మా, బడి ట్యాబ్ ఇక్కడుందంట."

"ఉంది. దాన్ని చలికాలంలో పెట్టాను."

నేను పెట్టె మూత తీసి చూపించాను. పాపం, వాడి మొహం కూడా జింక తొడలాగే గడ్డకట్టింది.

"వేసవిలో కథలు చెబుతోంది. పాములు మేలుకుని ఉన్నాయని దానికి తెలీదు కదా, కాస్త నేర్పుదామని" అంది అమ్మమ్మ.

నాకు నవ్వు ఆగలేదు. ఆమె చూపు నా మీద పడగానే గింజలు వలవడం మొదలుపెట్టాను.

డెల్బర్ట్ నిదానంగా చెప్పాడు. తొంభై ఏళ్ళ కిందట ఎవరో పండితుడు వచ్చి రాసుకుపోయిన కథలట. పుస్తకం మీద హక్కులు తీరిపోయాయట. ఎక్కడో పట్నంలో ఉన్న ఒకాయన వాటిని వెతికి ఇంటర్నెట్‌లో పెట్టాడట. "ఇప్పుడవి ఎవరివీ కావమ్మమ్మా. ఎవరైనా చదువుకోవచ్చు."

"ఎవరివీ కావా? మా నాన్న నోట్లోంచి వచ్చిన మాటలవి. నేనింకా బతికే ఉన్నానే! ఈ భాష మాట్లాడానని సర్కారు బోర్డింగు బడిలో నా నోట్లో సబ్బు కుక్కారు. ఇప్పుడు మీరే దాన్ని డబ్బాలో పెట్టి నా ఇంటికి పంపుతారా? అదీ సగం!"

"సగమేంటి?"

అప్పుడు బయటపడింది అసలు మంట. పండితుడు వచ్చింది చలికాలం చివర్లో. కథ నడుస్తుండగా ఆ ఏటి మొదటి ఉరుము ఉరిమింది. ఉరుముకి పాములు మేలుకుంటాయి, అది వినపడితే కథ ఆపాలి. ముత్తాత ఆపేసి, మళ్ళీ మంచు పడ్డాక రమ్మన్నాడు. ఆ మనిషి తల ఊపి వెళ్ళాడు, మళ్ళీ రాలేదు. ఉన్నంతవరకు అచ్చేసుకున్నాడు.

"ఏటా మొదటి మంచు పడ్డ పొద్దున మా నాన్న రోడ్డు వైపు చూసేవాడు. అందరం నవ్వేవాళ్ళం. ఆ సగంలో నక్క ఊరందరి తిండీ దోచుకుని, నవ్వుకుంటూ పోతుంది. అంతే కథ అనుకుంటున్నారా పిల్లలు? ఏమే ట్రీనా, ఆ కథలో నీకేం తెలిసింది?"

"దొంగతనం చేస్తే దొరకకూడదని" అంది ట్రీనా.

"విన్నావా? పైన మా నాన్న పేరు! పిల్లలకి దొంగతనం నేర్పినోడని!"

డెల్బర్ట్ కూడా తగ్గలేదు. "మా తాత, నాయనమ్మ నేను పుట్టకముందే పోయారు. నాకు భాష ఆ పుస్తకాల్లోనే దొరికింది. నాకు చెప్పేవాళ్ళెవరున్నారు?"

"నేను నాలుగు మైళ్ళ దూరంలో ఉన్నాను. నీ కారు నడవదా? నిన్ను నా చెక్కలో కట్టినప్పుడే ఇంకాస్త బిగించాల్సింది!"

వాడి మీద నాకు జాలేసింది. ఆమె మాత్రం రాయి ఎత్తింది.

వాడు పట్నం ఆయనకు రాశాడు. కథ తీసేయమనీ, కుదరకపోతే పేరైనా తీసేయమనీ అడిగాడు. పాత పాఠంలో అక్షరం కదపకూడదట, కానీ కింద ఒక మాట చేర్చగలనన్నాడాయన. డెల్బర్ట్ అది వినిపిస్తే, మొదట అమ్మమ్మ ఆ పట్నాన్నీ, ఆయన అక్షరాల్నీ కలిపి తిట్టింది. తర్వాత నన్ను రాసుకోమంది. నా రాత కోడి కెలికినట్టు ఉంటుందని డెల్బర్ట్ తనే రాసుకున్నాడు.

"ఈ కథ అయిపోలేదు. ఉరుము వచ్చి ఆగింది. మంచు పడ్డాక రమ్మంటే రాసుకున్నవాడు రాలేదు. మిగతాది సిబెక్యూలో ఉంది."

ఇప్పుడు ఆ కథ కింద ఆ మాటలున్నాయి. పైన ఆ పేరూ అలాగే ఉంది. అందుకే ఆమె కోపమూ అలాగే ఉంది.

డిసెంబరులో మంచు పడ్డ పొద్దున బడికి తీసుకెళ్ళమంది. పిల్లల ట్యాబులు, డెల్బర్ట్ ఫోను, నా ఫోను అన్నీ ఒక పిండి డబ్బాలో వేయించి దాని మీద తనే కూర్చుంది. "ఒక్కసారి రికార్డు చేసుకుంటా" అని డెల్బర్ట్ అన్నాడు. ఆమె పెదవులతో నేల చూపించింది. వాడు పిల్లల మధ్య కూర్చున్నాడు. నక్క ఇంటికి చేరాక ఏమైందో ఆమె చెప్పింది. ట్రీనా నోరు తెరిచింది, చాలాసేపు మూయలేదు.

అదేమిటో నేను రాయను. రాస్తే నన్ను కూడా పెట్టెలో జింక తొడ పక్కన పెడుతుంది.

నిన్న జర్మనీ నుంచి ఎవరో రాశారట, మిగతా సగం పంపగలరా అని. డెల్బర్ట్ భయపడుతూ అడిగాడు. అమ్మమ్మ రాయి ఆపకుండానే జవాబిచ్చింది.

"పంపేదేంటి? రమ్మను. పులుసు పెడతాను, కథ చెబుతాను. దారిలో ఉండగా ఉరుము ఉరిమిందా, గుమ్మంలోంచే వెనక్కి పంపేస్తాను. వచ్చే చలికాలం దాకా రోడ్డు వైపు చూడ్డం ఈసారి వాళ్ళ వంతు."