ముందర ఏముందో తెలిసిన దీపం

ఆ రోజుల్లో తాండూరు బజారులో కారు కనిపిస్తే జనం చేతిలో పని వదిలేసి చూసేవాళ్లు. అది దుమ్ములో కలిసిపోయాక కూడా కాసేపు అటే చూస్తూ నిలబడేవాళ్లు. ఇప్పుడు మా గల్లీలో నాలుగడుగులు వేయాలంటే కార్లే అడ్డం, ఒక్కడూ తలెత్తి చూడడు. నోరు తెరుచుకుని చూడటంలో ఉన్న సుఖం మా తరంతోనే పోయిందేమోనని నా అనుమానం. ఆ సుఖాన్ని నేను ఒక్క పూటలోనే కడుపునిండా అనుభవించాను. అదీ నా ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో తెలియని పూట.

అప్పటికి నేను తాండూరు స్టేషన్లో టెంపరరీ పాయింట్స్‌మన్ని, అంటే పట్టాలు మార్చి జెండాలు ఊపేవాణ్ణి. ఎప్పుడు చూసినా చంకలో జెండాలు ఉండేవి కనుక ఊళ్లో నన్ను ‘జెండా’ అనేవాళ్లు. వికారాబాద్‌లో ఇన్‌స్పెక్టరు పెట్టే పరీక్ష పాసైతే పర్మనెంటు, లేకపోతే యాలాల్‌కు పోయి మేనమామ కందిచేలో పని. పరీక్ష పదకొండింటికి. ఆ పొద్దున నేనెక్కాల్సిన ప్యాసింజరుకు నేనే పచ్చజెండా ఊపి, అది పోతుంటే మర్యాదగా నిలబడి చూసి, చివరి డబ్బా దాటాక గానీ అందులో నేను లేనన్న సంగతి గ్రహించలేదు. (రైలు తప్పిపోయిన రైల్వేవాళ్లు చాలామందే ఉంటారు. తన రైలును తానే సాగనంపినవాడిని మాత్రం నేను ఇంతవరకు చూడలేదు.)

ఏడుపు ఒక్కటే తక్కువగా రోడ్డు మీద నిలబడితే, నాపరాళ్ల వ్యాపారి కొడుకు చిన్న షేట్ ఎదురయ్యాడు. నా ఈడువాడే. వారం కిందటే హైదరాబాద్ నుంచి ఒక రేసు కారు తెచ్చుకున్నాడు. పాలపిట్ట రంగు, రెండే సీట్లు, పైన కప్పు లేదు, ముందు భాగం మాత్రం ఎడ్లబండి కాడి కన్నా పొడుగు. సంగతి విని, ఎక్కమన్నాడు. ప్యాసింజరు కన్నా ముందే దించుతానన్నాడు. చెప్పులు విడిచి ఎక్కాను. (అవి అక్కడే రోడ్డు మీద ఉండిపోయాయని వికారాబాద్‌లో గానీ గుర్తుకు రాలేదు.) కారు కదిలాక గాలి నా మాటను నోట్లోకే తోసేసింది. టెలిగ్రాఫ్ స్తంభాలు పరుగెత్తాయి. భయం, ఆనందం రెండూ కలిసి కళ్లలో నీళ్లు తెప్పించాయి.

కొంతదూరం పోయాక స్టీరింగు పక్కన ఒక చిన్న ఎర్రదీపం వెలిగింది. చిన్న షేట్‌కు అదేమిటో తెలియదు, అందానికి పెట్టి ఉంటారని అతని నమ్మకం. నాకు తెలుసు. రైల్వేలో ఎర్రదీపానికి అర్థం ఒక్కటే.

“ఆపుండ్రి షేట్,” అన్నాను. “ఎర్రలైటు దాటొద్దు.”

అతను నవ్వాడు గానీ, నా మొహం చూసి ఆపాడు. మా రూలు ప్రకారం ఎర్రసిగ్నల్ ముందు ఆగి, పొడుగ్గా ఒక కూత వేసి, ముందు దారి ఖాళీ అని లైన్ దొరికేదాకా నిలబడాలి. పొడుగ్గా హారన్ కొట్టించి, ఇంజను కూడా ఆపించాను. అంతలో మలుపు అవతలి నుంచి ఒక్కొక్కటిగా, తర్వాత గుంపులుగా గొర్రెలు వచ్చాయి. రోడ్డంతా గొర్రెలే. మేము వచ్చిన వేగంతో ఆ మలుపు తిరిగి ఉంటే ఏమయ్యేదో ఇద్దరికీ ఒకేసారి తట్టింది. మంద దాటాక తాళం తిప్పితే దీపం వెలగలేదు. లైన్ క్లియర్. చిన్న షేట్ నవ్వు ఎక్కడికో పోయింది.

ధారూర్ దగ్గర మళ్లీ వెలిగింది. ఈసారి నేను చెప్పకముందే ఆపి, తానే హారన్ కొట్టాడు. నేను దిగి ముందుకు పోయి చూస్తే, చెట్ల చాటున రైల్వే గేటు వేసి ఉంది. నా ఒళ్లు జలదరించింది. మా సిగ్నళ్లకు మనిషి తీగ లాగాలి, పైకెక్కి నూనె దీపం పెట్టాలి. ఈ దీపానికి లాగేవాడు లేడు, అయినా మలుపు అవతల ఏముందో దానికి తెలుసు. ఇటువంటిదాన్ని చేసిన మనిషి మనలాగే అన్నం తింటాడా అనిపించింది. వెనక్కి వచ్చి ఆ దీపానికి దణ్ణం పెట్టాను. చిన్న షేట్ కూడా పెట్టాడు. గేటు తెరిచేసరికి అదీ ఆరింది.

అనంతగిరి ఎక్కుతుండగా మూడోసారి వెలిగింది. ఆగాం. హారన్ కొట్టాం. అడవిలో కోతుల అలికిడి తప్ప ఏమీ లేదు. తాళం తిప్పిన ప్రతిసారీ దీపం ఎర్రగానే ఉంది. పదకొండు దాటింది. మేనమామ కందిచేను కళ్ల ముందు కనిపించింది.

“పోదాం పా జెండా,” అన్నాడు అతను గొంతు తగ్గించి. “నీ నౌకరి పోతది.”

పోదామనే ఉంది. కానీ నోట్లోంచి వచ్చింది వేరే. “ఎర్రలైటు దాటి పోతె గా నౌకరి ఎందుకు షేట్?”

దీపం ఆరేదాకా కూర్చున్నాం. తర్వాత నెమ్మదిగా మలుపు తిరిగితే రోడ్డు ఖాళీ. చిరుతపులే అయ్యుంటుందని, మనం ఆగామని చూసి మళ్లిపోయిందని చిన్న షేట్ గుసగుసగా తేల్చాడు. నాకు రవ్వంత సందేహం కూడా కలగలేదు.

వికారాబాద్ చేరేసరికి పరీక్ష ముగిసి, ఇన్‌స్పెక్టరు గొడుగు తీసుకుని బయటికి వస్తున్నాడు. ఆలస్యం ఎందుకని అడిగాడు. ఎర్రసిగ్నల్ ఇచ్చింది సార్, అన్నాను. ఏ స్టేషనుది అన్నాడు. కారుది, అన్నాను. ఆయన కారు దగ్గరికి నడిచి, వంగి దీపాన్ని చూశాడు, ఇంజను మూత మీద చెయ్యి పెట్టి, చురుక్కుమనేసరికి చటుక్కున వెనక్కి తీసుకున్నాడు. గొర్రెల సంగతి, గేటు సంగతి, పులి సంగతి మేమిద్దరం పోటీపడి చెబుతుంటే చివరిదాకా విన్నాడు.

“ఇంజన్ల నీళ్లు తక్కువైనయ్. కాలిపోతున్నదని చెప్పే లైటు అది, అంతే,” అన్నాడు. చిన్న షేట్ మొహం వాడిపోయింది. నాది కూడా. ఇన్‌స్పెక్టరు నా కేసి తిరిగాడు. “నౌకరి పోతదని తెలిసి గూడ ఆగినవా?”

“ఆగిన సార్.”

“అదేం లైటో తెల్వకుంట?”

తల ఊపాను.

“తెలిసినోళ్లే ఆగుతలేరు. లోపలికి నడువు.”

పర్మనెంటు అయ్యాను. సాయంత్రం తాండూరుకు మరలేసరికి చిన్న షేట్ ఇంజను నిండా నీళ్లు పోయించి ఉంచాడు. కొండ దిగాం, గేటు దాటాం, దీపం ఒక్కసారి కూడా వెలగలేదు. నేను ఎగిరి గంతులేయాల్సిన వేళ. అయినా ఇద్దరం రోడ్డు కన్నా ఆ చీకటి గాజుబిళ్లనే ఎక్కువగా చూస్తూ వచ్చాం.

“ఒక్కసారి వెలుగుతె మంచిగుండు,” అన్నాడు చిన్న షేట్, ఊరు దగ్గరపడ్డాక.

రిటైరయ్యేదాకా ఎన్ని ఎర్రదీపాలు చూశానో. అన్నీ ఆగమని చెప్పినవే, ముందర ఏముందో చెప్పినది ఒక్కటీ లేదు. చెబుతుందని నమ్మిన ఆ కుర్రవాడు గుర్తొస్తే నవ్వొస్తుంది. వాడి మీద కాస్త అసూయ కూడా కలుగుతుంది.